చలి తిన్నవాళ్ళు

మా చలిని తినేసింది మీరే. పళ్ళెంలో మేం పెట్టింది తిని చేతులు కడుక్కుని పోయుంటే మీ పేరైనా ఎత్తేదాన్ని కాను. "ఆకాశపు వంటిల్లు" అని విందుల కంపెనీకి పేరు పెట్టుకుని ఊళ్ళ మీద తిరిగే గొన్సాలో గారికీ, ఆయన వంటమాస్టరు బెర్నార్దోకీ, వాళ్ళ వెనక టోపీలు పెట్టుకుని వచ్చి సూపు గిన్నె చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్న రుచుల యాత్రికులకీ, వీళ్ళందరినీ తెచ్చి నెత్తిన పెట్టుకున్న మా అన్న కసిమీరోకీ కలిపి చెప్తున్నాను.

చలిని ఎవరైనా తింటారా అని మీరు నవ్వుతారు. కింద రాజధాని లీమాలో మీకు చలి అంటే దుప్పటి కప్పుకుంటే పోయేది. మాకు అది పంటలో సగం. మా కొండల మీద పండే చేదు దుంపని ఉత్తగా ఉడకబెట్టి తింటే కడుపులో తిప్పుతుంది. మాకు చలికాలమైన జూన్‌లో మబ్బులేని రాత్రులు దాన్ని బయలు మీద పరిచి, చలికి గడ్డకట్టించి, పొద్దున్నే కాళ్ళతో తొక్కి, నీళ్ళూ చేదూ పిండేసి ఎండబెడితే చున్యో అవుతుంది. గులకరాయిలా ఉంటుంది. ఎన్నేళ్ళున్నా చెడదు. నానేస్తే మళ్ళీ తిండి. ఏడాది పొడుగునా మా గిన్నెల్లో ఉండేది అదే. చలి దిగకపోతే ఆ ఏడాది గిన్నె ఖాళీ. అసలు సంగతి ఇంతే. మిగతాదంతా మీరు చేసిన గొడవ.

నేను పూనో పట్నం మార్కెట్లో చున్యో అమ్ముతాను. మొగుడు పోయాక మా ఊరు కాలాపాతాలో అన్న ఇంటికే తిరిగొచ్చాను. దుంపలు వేసేదీ తీసేదీ తొక్కేదీ అన్నావదినలతో కలిసి, అమ్మేది నేను. ఆ ఏడు ఊరి పెద్దరికం మా ఇంటి వంతు వచ్చింది. మా ఊళ్ళో పెద్దరికం జంటకే వస్తుంది. పక్కపక్కన రెండు పీటలు, రెండు ఆకుగుడ్డలు. ఎవరు ఏం అడగడానికి వచ్చినా మొగుడి గుడ్డలో ఇన్ని కోకా ఆకులు, పెళ్ళాం గుడ్డలో ఇన్ని ఆకులు పోసి అడగాలి. ఆకు పడ్డాక ఇచ్చిన మాట వెనక్కి పోదు. ఫిబ్రవరిలో వడగళ్ళు పడ్డా, జూన్‌లో మంచు పడకపోయినా ఊరు వచ్చి నిలదీసేది ఆ జంటనే. పెద్దరికం గుర్తుగా కసిమీరో తలలోంచి తొడుక్కునే ఎర్ర పోంచో వేసుకుని భుజాన కొరడా చుట్టుకున్నాడు. నికాసియా వదిన నల్ల శాలువా కప్పుకుంది. పోంచో వేసుకున్న రోజు నుంచి మా అన్న మెడ పక్కకి తిరగడం మానేసింది.

గొన్సాలోని మొదట చూసింది నా అంగడి ముందే. మే నెల. కోతలు అయిపోయి మార్కెట్ నిండా దుంపల బస్తాలు. ఒక గుంపుని వెంటేసుకుని వచ్చాడు. అడగకుండా నా గంపలోంచి చున్యోలు తీసి తలా ఒకటి చేతుల్లో పెట్టాడు.

"కళ్ళు మూసుకోండి. వాసన చూడండి. ఏం గుర్తొస్తోంది?"

ఒకామె వాన అంది. ఇంకొకడు వాళ్ళ అమ్మమ్మ ఇల్లు అన్నాడు. వాడి అమ్మమ్మ ఇల్లు మాడ్రిడ్‌లో ఉందట. పక్క అంగడిలో ఎండు మాంసం అమ్మే ఫొర్తునాతా అవ్వ నా మోచేతిని పొడిచింది.

"మే ప్రిమితీవా, వీళ్ళు కొనేదానికి వచ్చినారా, తద్దినం పెట్టేదానికి వచ్చినారా?"

"కొనేవాళ్ళు కళ్ళు తెరుచుకుంటారు అవ్వా."

గొన్సాలో మా మాటలకి కూడా మురిసిపోయాడు. మార్కెట్లో కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఒకర్నొకరు పిలుచుకునే పిలుపు ఎవరో నేర్పారు, దాంతోనే పిలిచాడు.

"కాసెరా, ఈ చున్యో పుట్టిల్లు ఎక్కడండీ?"

"మా ఊరు."

"మీ ఊరు ఎక్కడ?"

"చున్యో పుట్టిన కాడ."

అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ గుంపు చేతిలో ఉన్న చున్యోలు జేబుల్లో వేసుకుని కదలబోయారు. డబ్బు సంగతి అడిగితే గొన్సాలో నవ్వి, "కొసరు అనుకోండి కాసెరా, మీ ఆచారమే కదా" అన్నాడు. మా ఆచారమే. కొన్నవాడికి కొసరు వేస్తాం. కొననివాడికి కొసరేమిటో ఆయనకి నేర్పినవాడు నేర్పలేదు.

నేను అక్కడితో వదిలించుకునేదాన్నే. కానీ అప్పుడే మా అన్న కొత్త బస్తా లారీ మీంచి దింపించుకుని, పోంచో సర్దుకుంటూ వచ్చాడు. ఆ ఎరుపు చూసి గుంపు మొత్తం తిరిగింది. ఊరి పేరు చెప్పాడు, దారి చెప్పాడు, మేం దుంపలు పరిచే మంచుబయలు గురించి చెప్పాడు. ఆ పల్లంలో చలి కుండలో నీళ్ళు నిండినట్టు నిండుతుందని చేతులతో చూపించాడు. ఎవడో ఫొటో తీశాడు. మా అన్న ఇంకోసారి చేతులతో చూపించాడు.

వారం తిరక్కుండా గొన్సాలో మా వాకిట్లో ఉన్నాడు. గడప బయటే టోపీ తీశాడు. వంగి లోపలికొచ్చాడు. మా అన్న పీట ముందు మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోంచి పొట్లం తీసి, గుడ్డలో గుప్పెడు మంచి ఆకులు పోశాడు. చిరగని ఆకులు, ఏరి తెచ్చాడు. నేను మూలన దుంపలు ఏరుతూ చూస్తున్నాను. ఈ తమాషా ఎవడు నేర్పాడో గానీ సగమే నేర్పాడు. వదిన పొయ్యి దగ్గరుంది. ఆమె పీట మీద ఆమె గుడ్డ మడిచినట్టే ఉంది. దాని వైపు ఆ మనిషి చూడలేదు. మా అన్న చూశాడు, చూసి ఊరుకున్నాడు.

వదిన సూపు గిన్నెలతో వచ్చేసరికి మాట అయిపోయింది. ఆ పెద్దమనిషి నిలబడే సూపు తాగి, గిన్నెని రెండు చేతులతో గుండెకి హత్తుకుని, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

"ఏం అడిగినాడు?" అంది వదిన.

"నాలుగు గుడారాలు. జూన్ నెలంతా. వాళ్ళ మనుషులు వచ్చి మన తిండి తింటారు, మనం తొక్కేది చూస్తారు. లీమాలో పెద్ద సభ పెట్టి నన్ను మాట్లాడిస్తారంట. చలి కాపరి అని పేరు రాస్తారంట."

"గుడారాలు యాడ?"

అన్న సూపులో మాంసం ముక్క కోసం వెతికాడు.

"మంచుబయల్లో."

"దుంపలు యాడ పరచాల?"

"అంచుల్లో పరచుకోవచ్చు. బయలేమన్నా చిన్నదా."

"చలి నడుమన దిగుతాది గానీ అంచుల్లో దిగుతాదా?"

"నాకు చెప్పొద్దు నికాసియా. నేనూ ఈ ఊర్లోనే పుట్టినా."

"పుట్టినావు. అందుకే అడుగుతాండా."

"ఆకు తీసుకున్నా. ఇంకేం మాట్లాడేది లేదు."

వదిన తన పీట దగ్గరికి వెళ్ళి గుడ్డని చేతిలోకి తీసుకుంది. "దీన్ని విప్పమని ఎవురూ అడగలేదే."

"నీ గుడ్డ యాడికి పోతాదిలే," అన్నాడు మా అన్న. మూతి తుడుచుకుని పోంచో మీద పడ్డ చుక్కని గోటితో గీకుతూ అన్నాడు. ఆ గోరు, ఆ చుక్క నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉన్నాయి. అంత తీరిగ్గా ఊరిని అమ్మొచ్చని అప్పుడు తెలిసింది.

గుడారాలు వచ్చాయి. గుడారాలంటే గుడ్డ అనుకున్నాం. సిమెంటు దిమ్మెలు పోసి ఇనప మేకులు దింపారు. పల్లానికి సరిగ్గా నడుమ, చలి బాగా చిక్కగా నిలిచే చోట, తెల్లటి బుడగల్లాంటి నాలుగు ఇళ్ళు లేచాయి. ప్రతి బుడగలో వెచ్చటి గాలి ఊదే మిషను. ఊళ్ళో కొందరు గొణిగారు. కొందరు వాళ్ళ పిల్లలకి పని దొరుకుతుందన్నారు. ఊరిపెద్ద ఆకు తీసుకున్నాడు కాబట్టి అందరూ అంచుల్లో దుంపలు పరిచారు. మేమూ పరిచాం.

పగలంతా యాత్రికులు మా వీధుల్లో తిరిగేవాళ్ళు. కీన్వా గింజలు దంచుతున్న ముసలమ్మ చేతిలోంచి రోకలి తీసుకుని రెండు పోట్లు వేసి, రొప్పుతూ కూలబడి, "ఎంత గొప్ప అనుభవం" అనేవాళ్ళు. చేదు దుంపల్లోకి మేం నంజుకునే మట్టి ఉంటుంది, నీళ్ళలో కలిపి ఉప్పేసుకుంటాం. దాన్ని బెర్నార్దో వేలితో నాకి, కళ్ళు మూసుకున్నాడు. వీళ్ళకి కళ్ళు మూసుకోవడం ఒక జబ్బు. తర్వాత దాన్ని నురగలా గిలక్కొట్టి సీసాల్లో నింపుకున్నాడు.

జూన్ చివర్లో వచ్చే సాన్ హువాన్ పండగ ఏడాదిలో అన్నిటికంటే చలి ఎక్కువుండే రాత్రి. ఆ సాయంత్రం లారీ నిండా నీలగిరి దుంగలు తెచ్చి బయలు నడుమ గుట్ట పోస్తున్నారు. నేను నేరుగా గొన్సాలో దగ్గరికి పోయాను.

"ఈ కట్టెలు దేనికి?"

"పెద్ద మంట వేస్తామండీ. సాన్ హువాన్ మంటలు మీ సంప్రదాయమే కదా."

"మా మంటలు కొండ మీద ఏస్తాం. బయల్లో ఎయ్యం."

"కొండ మీదికి అతిథులు ఎక్కలేరండీ. ఊపిరి ఆడదు."

"ఫిబ్రవరిలో పైరు మీద మంచు పడకుండా మేమే పేడ కాల్చి పొగ పెడతాం. పొగ కమ్మితే చలి కిందికి రాదు. ఇప్పుడు మాకు చలి కావాల. బయలు చుట్టూ ఊరి దుంపలన్నీ ఉండాయి. కనపడతాండాయా?"

ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు. తల ఊపాడు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఎంత అద్భుతంగా చెప్పారండీ. ఇదే మాట ఈ రాత్రి భోజనాల దగ్గర మా అతిథులకి చెప్తారా? ఇలాగే, ఈ కోపంతోనే."

ఇదీ మీ చదువు. మా మాట మీకు తెలియక కాదు, నమ్మక కాదు. తెలుసుకుని, మెచ్చుకుని, వడ్డనలో ఒక రకంగా లెక్కేసుకున్నారు. ఊరిపెద్దని అడుగుతానంటే మా అన్నని చూపించాడు. బల్ల చివర ఎత్తు కుర్చీలో కూర్చుని ఉన్నాడు అన్న. పక్కన రెండో కుర్చీ లేదు.

"అన్నా, మంట ఆపించు."

"అతిథులు చలికి వణుకుతాండారు. ఒక్క రాత్రికేమవుతాది?"

"ఇదే ఆ రాత్రి అన్నా."

"నీ అంగడి నువ్వు చూసుకోపో ప్రిమీ. పెద్దరికం నాది."

వదినని ఒక పెద్ద అండా పక్కన నిలబెట్టారు, చేతిలో కర్ర గరిటె పెట్టారు. అండాలో ఉత్త నీళ్ళు మరుగుతున్నాయి. ఆవిరి ఫొటోల్లో బాగా పడుతుందట. అసలు వంట గుడారం వెనక బెర్నార్దో చేస్తున్నాడు. ఒక యాత్రికురాలు వచ్చి కలపమని చేత్తో సైగ చేసింది. వదిన నీళ్ళని కలిపింది. నా వైపు తిరిగి, మొహంలో ఏ మార్పూ లేకుండా అడిగింది.

"ఉప్పు ఎయ్యాల్నా?"

ఆ రాత్రి వాళ్ళు తిన్నది ఏమిటో చెప్తాను వినండి. నల్లరాయి పలక మీద ఒక్క చున్యో. ఒకే ఒక్కటి. దాని మీద మా మట్టి నురగ. పక్కన ఒక పువ్వు. దాన్ని నాలుగు ముక్కలు చేసుకుని, మధ్యలో మాట్లాడుకుంటూ, మేం మందలన్నీ తోలుకొచ్చి దొడ్లో కట్టేసేంత సేపు తిన్నారు. మంట ఇంటి ఎత్తు లేచింది. పొగ పైకి పోలేదు. పల్లంలోనే పరుచుకుని, ఊరి దుంపల మీద దుప్పటిలా కప్పుకుంది.

తెల్లవారి గడ్డి తెల్లగా లేదు. తడిగా ఉంది. ఒక దుంప తీసి నొక్కాను. పైన మెత్తబడింది, లోపల పచ్చిదే. అప్పటికైనా పోయిందేమీ లేదు. మంట ఆర్పేసి, గుడారాలు తీసేసి, ఇంకో వారం అలాగే వదిలేస్తే చలి మళ్ళీ దిగేది. తొక్కకూడదు, అంతే. లోపల గడ్డకట్టని దుంపని తొక్కితే తోలు ఊడదు, నీరు పోదు. చితికిపోయి కుళ్ళుతుంది.

కానీ బస్సు వచ్చి నిలబడి ఉంది. యాత్రికులు మధ్యాహ్నానికి వెళ్ళిపోవాలి. తొక్కడం చూడకుండా ఎలా వెళ్తారు?

తొక్కుడు మొదలుపెట్టేది పెద్దరికం జంటే. ఇద్దరూ చెప్పులు విప్పి, చెయ్యీ చెయ్యీ పట్టుకుని, ఊరి దుంపల్లో మొదటి కుప్ప మీద కాలు పెడతారు. వాళ్ళు పెడితే ఊరంతా పెట్టాలి. మా అన్న చెప్పులు విప్పాడు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచాడు. చెయ్యి చాపాడు.

వదిన కదల్లేదు.

"రా," అన్నాడు అన్న, పెదాలు కదలకుండా. ఎదురుగా కెమెరాలు ఉన్నాయి.

"అమ్మా, మీరు కూడా దయచేసి చెప్పులు విప్పండి," అన్నాడు గొన్సాలో. "పొద్దుటి వెలుగు పోతోంది."

"నా కాలికి ఇంకా చలి తగల్లేదు నాయనా," అంది వదిన.

మా అన్న ఒక్కడే ఎక్కాడు. తొక్కాడు. తోలు ఊడడం లేదని అందరికంటే ముందు ఆయన అరికాలికే తెలుసు. ముప్పై జూన్‌లు తొక్కిన కాలు అది. అయినా తొక్కాడు, నవ్వుతూ తొక్కాడు, కొరడా ఊపుతూ పాట కూడా అందుకున్నాడు. కొందరు ఆడవాళ్ళు వదిన కాళ్ళకున్న చెప్పులు చూసి ఆగారు. ఎక్కువమంది కొరడా చూసి తొక్కారు. యాత్రికులు కూడా తొక్కారు, కొత్త మేజోళ్ళు వేసుకుని. ఒకడు జారి మా కుప్ప మీద వెల్లకిలా పడ్డాడు. చప్పట్లు కొట్టారు.

నాలుగు రోజులకి వాసన మొదలైంది. నల్లటి జిగురు కారింది. కుక్కలు వచ్చి మూచూసి పక్కకి తప్పుకుపోయాయి. తొక్కకుండా ఆపుకున్నవాళ్ళ దుంపలు కూడా గుడారాల వెచ్చదనానికి మెత్తబడి మొలకెత్తాయి. కొండకి అవతలి ఊరు ఇస్కాల్యాలో తెల్లారేసరికి బయలు సున్నం కొట్టినట్టు ఉండేది. వాళ్ళ ఆడవాళ్ళు పాడుతూ తొక్కడం గాలి వాలుకి మాకు వినపడేది. ఊరంతా వింటూ ముక్కు మూసుకుని కుళ్ళిన దుంపల్ని గుంటల్లోకి ఎత్తి పోశాం. మా అన్న ఆ వారం ఇంట్లోనే ఉన్నాడు. పోంచో మాత్రం విప్పలేదు.

జూలైలో ఊరు కూడింది. బడి వెనక గోడ పక్కన మగవాళ్ళు రాళ్ళ మీద, ఆడవాళ్ళు నేల మీద, ఎదురుగా రెండు పీటల మీద అన్నావదినలు. గొన్సాలో కూడా వచ్చాడు. ఖాళీ చేతులతో రాలేదు. సేమ్యా సంచులు దింపించాడు. చున్యో చేసే ఊరికి సేమ్యా. పక్కనే నిలబడి, లోకమంతా వేడెక్కిపోతోందని, వాతావరణం మారిపోతోందని, ఇందులో ఎవరి తప్పూ లేదని మెల్లగా చెప్పాడు. కొండకి ఈవల మాత్రమే వేడెక్కిన లోకం అది. ఆపైన, వచ్చే జూన్ నుంచి ఏటేటా గుడారాలు అక్కడే ఉంచాలన్నాడు. దిమ్మెలు ఎలాగూ పోశాం కదా అన్నాడు.

ఫొర్తునాతా అవ్వ తమ్ముడు తెయొదోరో లేచాడు. ఊళ్ళో అందరికంటే పెద్దవాడు.

"కసిమీరో, చలిని ఎవురు పోగొట్టినారు?"

"మామా, నేను ఆకు తీసుకున్నా," అన్నాడు మా అన్న. గొంతు గట్టిగానే ఉంది. ఈ జవాబు వారమంతా ఇంట్లో కూర్చుని తయారుచేసుకున్నాడని నాకు తెలుసు. "ఆకు తీసుకున్నాక మాట తప్పినోడు ఈ ఊర్లో ఉండాడా? మీ నాయన తప్పినాడా? నువ్వు పెద్దరికంలో ఉన్నప్పుడు తప్పినావా? మాట ఇచ్చినా. నిలబడినా. ఆ మాట ఒక ఏడాదికని చెప్పలేదు. రేపటికీ అదే మాట. తప్పమంటే చెప్పండి, తప్పుతా. ఆ తర్వాత ఈ ఊర్లో ఎవురు ఆకు పోసినా ఎవురూ నమ్మరు."

ఎదురు చెప్పడానికి ఏముంది? పద్ధతి అదే. తెయొదోరో మామ మళ్ళీ రాయి మీద కూర్చున్నాడు. గొన్సాలోకి మా మాటలు సగం అర్థమైనట్టున్నాయి, టోపీని గుండె దగ్గర పెట్టుకుని తల వంచాడు. మంచుబయలు అప్పుడే పోయింది అనుకున్నాను. మా మనవలు సేమ్యా తిని పెరుగుతారు అనుకున్నాను.

వదిన నడుముకి చుట్టుకున్న ఆకుగుడ్డ తీసింది. తొందరపడలేదు. ముడి బిగుసుకుపోయి ఉంది, పంటితో లాగింది. గుడ్డని తన ముందు నేల మీద పరిచి, నాలుగు మూలలూ అరచేత్తో సాపు చేసింది. నేత రంగులు కొత్తగా ఉన్నాయి. పెద్దరికం వచ్చినప్పుడు వేసిన మడతలు అలాగే ఉన్నాయి. వాటిలో ఒక్క ఆకు లేదు. ఆకు పొడి కూడా లేదు.

"నా దాంట్లో పడలేదు," అంది.

అంతే అంది. లేచి, శాలువా దులుపుకుని, నడిచి వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. కాస్త జరగమన్నట్టు నా తొడ మీద తట్టింది. జరిగాను.

ఎదురుగా ఒక పీట మీద మా అన్న, పక్కన ఖాళీ పీట. ఆయన ఆ పీట వైపు చూసి, గుడ్డ వైపు చూసి, చేత్తో పోంచో అంచుని పట్టుకున్నాడు. ఎవరూ తిట్టలేదు. తెయొదోరో మామ టోపీ పెట్టుకుని, తన గాడిద కట్టేసిన చోటికి నడిచాడు. తర్వాత ఇంకొకడు లేచాడు. ఆడవాళ్ళు ఊలు కండెలు చుట్టుకున్నారు. జంట లేనిచోట పెద్ద లేడు, పెద్ద లేనిచోట సభ లేదు, సగం గుడ్డలో పడ్డ ఆకు ఆకు కాదు. ఇది మా ఊళ్ళో ఎవరికీ ఎవరూ చెప్పనక్కర్లేదు.

గొన్సాలో కంగారుగా నా దగ్గరికి వచ్చాడు. "ఏమైందండీ? ఆమె ఏమన్నారు? ఒప్పుకున్నట్టేనా?"

"ఏం లేదు బాబూ. కొసరు అయిపోయింది," అన్నాను.

పెద్దరికం పక్కింటికి పోయింది. వదిన రెండు మూటలు కట్టుకుని నాతో పూనో వచ్చింది. ఇప్పుడు నా అంగడిలో నా పక్కనే కూర్చుంటుంది. ఆ ఏడు మాకు అమ్ముకోవడానికి చున్యో లేదు, ఇస్కాల్యా వాళ్ళది తెచ్చి అమ్మాం. పాత కాసెరాలు చేతిలోకి తీసుకుని, "ఇది మీ ఊరిది కాదు గదా" అన్నారు. కళ్ళు మూసుకోకుండానే కనిపెట్టారు. కాలాపాతాలో మట్టి నంజుకుని చేదు దుంపలు తిన్నారు, సేమ్యా అయిపోయాక. పిల్లలకి కడుపునొప్పులు. మా అన్న చలికాలం చివర ఒకసారి మార్కెట్‌కి వచ్చాడు, మామూలు స్వెట్టర్‌లో. మెడ మళ్ళీ తిరుగుతోంది. వదిన గిన్నె నిండా సూపు పోసి ఇచ్చింది. కూర్చోమనలేదు. నిలబడి తాగి, గిన్నె కడిగి బోర్లించి వెళ్ళాడు.

మీరు మాత్రం మారలేదు. మీ కాగితాల మీద మా అన్న ఫొటో ఇంకా ఉంది, చలి కాపరి అని. నీళ్ళు కలుపుతున్న మా వదిన ఫొటో ఇంకా ఉంది, తరతరాల వంట అని. దిమ్మెలు బయలు నడుమ అలాగే ఉన్నాయి. ఊరు పోయి అడిగితే ఒప్పందం ఉందంటున్నారు. ఏ ఒప్పందం? ఎవరి గుడ్డలో?

మళ్ళీ మే వచ్చింది. దుంపలు తీసేశాం. జూన్‌లో మొదటి మంచు పడేలోగా మీ ఇనప మేకులు పీకండి. దిమ్మెలు తవ్వి మీ లారీల్లోనే వేసుకుపొండి. బొగ్గూ బూడిదా ఊడ్చి, గడ్డిని మళ్ళీ గడ్డిలా వదిలేసి పొండి. మా మనుషుల ఫొటోలు మీ కాగితాల మీంచి తీసెయ్యండి. చుట్టుపక్కల ఊళ్ళ పెద్దలకి కూడా చెప్తున్నాను: టోపీ తీసి మోకాళ్ళ మీద వచ్చేవాణ్ణి చూసి కరిగిపోకండి, రెండో గుడ్డ విప్పించండి, విప్పనివాణ్ణి గడప దగ్గరే లేపి పంపండి. రుచుల యాత్రికులారా, చున్యో కావాలంటే మార్కెట్‌కి రండి, కళ్ళు తెరిచి కొనండి, కొంటే కొసరు వేస్తాం.

మీరు పీకకపోతే మేం పీకుతాం. తెల్లారి మంచు తెల్లగా ఉన్నప్పుడు మా ఆడవాళ్ళందరం వస్తాం. ముందు మా వదిన నడుస్తుంది. ఈసారి చెప్పులు విప్పి వస్తుంది.